రేపటి నీటికి నేటి లెక్క

వేసవి ఉదయమున జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్ నగర్ వైపు నడచిపోవువారికి రెండు దృశ్యములు తప్పక కనబడును. ఒకటి, రాతికొండ నెక్కలేక మూలుగుచు వచ్చు నీటి ట్యాంకరు. రెండవది, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమునకు నడక కొరకు వచ్చిన జనసమూహము. మొదటిది నీటి అవసరము. రెండవది విహారపు అవసరము. రెండును ఒకే నగరమునకు, ఒకే నదీ పరీవాహక ప్రాంతమునకు చెందినవే. మొదటిదానిని కొలుచుటకు మనకు మీటర్లున్నవి, పద్దులున్నవి. రెండవదానిని గూడ కొలువవలెనను ఆలోచన మాత్రము చాలకాలము ఎవరికిని తోచలేదు. ఇరువది, ముప్పది ఏండ్ల తరువాత ఈ రెండు అవసరములు ఎంతటివి కాగలవో ముందుగా లెక్కించుట ఎట్లు? ఆ లెక్క తప్పినచో నష్టమెవరికి? ఇదియే ఈ ప్రసంగ విషయము.

ఈ కొండమీద కురిసిన వాన ఎచటికి పోవునో మొదట చూతము. తూర్పు వాలున పడిన నీరు బంజారా నాలా దారిని హుస్సేన్ సాగరమునకు పోవును. పడమటి వాలున పడినది దుర్గం చెరువునకు చేరును. చెరువులు నిండి పొర్లిన నీరు తుదకు మూసీలో కలియును. మూసీ వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమగా ప్రవహించి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో సంగమించును. ఏ వానచుక్కలు తుదకు ఒక నదిని చేరునో ఆ నేల అంతయు ఆ నదికి పరీవాహక ప్రాంతము. కావున జూబిలీ హిల్స్ మేడ పైకప్పున పడిన చినుకు కృష్ణా పరీవాహకపు చినుకే.

మూసీ నీటి లెక్క నగరమునకు తెలిసివచ్చినది ఒక ప్రళయము వలన. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించినట్లు అంచనా. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, వరద నివారణకు ఉపాయమడిగెను. నగరమునకు ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనదియైన ఈసీమీద ఒకటి, రెండు జలాశయములు నిర్మింపవలెనని ఆయన సూచించిరి. ఆ ప్రకారమే 1920లో గండిపేట వద్ద ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. మొదటిదాని నిలువ సామర్థ్యము సుమారు 3.9 టి.ఎం.సి.లు, రెండవదానిది సుమారు 3 టి.ఎం.సి.లు. టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇంచుమించు 2,832 కోట్ల లీటర్లు. వరదను ఆపుటకు కట్టిన ఈ జలాశయములే నగరమునకు త్రాగునీరిచ్చినవి. ఆదివారపు వనభోజనములకు తావైనవి. ఒకే చెరువు మూడు పనులు చేసినదన్న సంగతిని గుర్తుంచుకొనవలెను.

ఇక అంచనా విధానమును పరిశీలింతము. దీనికి మొదటి మెట్టు జనాభా. ఇంజనీర్లు సామాన్యముగా మూడు పద్ధతుల నవలంబింతురు. గడచిన పదేండ్లలో ఎందరు పెరిగిరో రాబోవు పదేండ్లలోను అందరే పెరుగుదురనుకొనుట ఒకటి. నూటికి ఎందరు చొప్పున పెరిగిరో అదే నిష్పత్తిలో పెరుగుదురనుకొనుట రెండవది. పెరుగుదలలోని హెచ్చుతగ్గులను గూడ సగటుచేసి కలుపుకొనుట మూడవది. మూడింటికిని ఆధారము ఒక్కటే: నిన్న జరిగినదే రేపును జరుగునను నమ్మకము.

ఆ నమ్మకము మన నగర విషయమున ఎట్లు నిలిచినదో చూడుడు. 1901లో హైదరాబాదు జనాభా సుమారు నాలుగున్నర లక్షలు; 1911లో సుమారు 5 లక్షలు. అదే వరుసను పట్టుకొని లెక్కించినవాడు 1921 నాటికి ఐదున్నర లక్షలని వ్రాసియుండును. కాని ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా నగరమును కబళించినవి. 1921 లెక్కలో తేలినది సుమారు 4 లక్షలు మాత్రమే. అదే మనిషి 1951 నాటికి 7 లక్షలని వ్రాసియుండును. నిజమునకు అది 11 లక్షలకు సమీపించెను. తరువాత వచ్చిన తప్పు ఇంకొక దిక్కున నున్నది. నగరమును, దానిని అంటియున్న పట్టణములను కలిపి 1981లో 25 లక్షలు. 1991లో 43 లక్షలు. ఆ వేగమే సాగునని 1991లో లెక్కవేసినచో 2011 నాటికి 126 లక్షలు కావలెను. జనగణనలో తేలినది 77 లక్షలు. అంతకు ముందు దశాబ్దపు పెరుగుదలలో కొంత, ఎల్లలు విస్తరించుట వలన కలిసిన గ్రామముల జనము. కొత్తగా వచ్చినవారు కారు. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగలేదు గనుక అటుపిమ్మటి అంచనాలు మరింత ఊహమీద ఆధారపడినవి.

జూబిలీ హిల్స్ చరిత్రయే దీనికి మంచి దృష్టాంతము. 1960 ప్రాంతమున తెలుగు చిత్రనిర్మాణము చాలవరకు మదరాసులోనే సాగుచుండెను. 1970ల నడుమ అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను స్థాపించిరి. క్రమముగా నటులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు, వారినాశ్రయించి బ్రతుకు వేలాది కార్మికులు ఈ కొండప్రక్కకు చేరిరి. ఫిల్మ్ నగర్ వెలసినది. 1998లో దుర్గం చెరువునకు ఆవల సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఒక పరిశ్రమ పట్టణము మారుట, ఇంకొక పరిశ్రమ కొత్తగా పుట్టుట — ఈ రెండింటిని గత జనాభా పట్టికలలో వెదకినచో ఏ గణితజ్ఞునకును దొరకవు.

రెండవ మెట్టు తలసరి వాడుక. మురుగు కాలువలున్న పట్టణములలో మనిషికి రోజునకు 135 లీటర్లు, మహానగరములలో 150 లీటర్లు ఇయ్యవలెనని కేంద్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగు సంస్థవారి మార్గదర్శక గ్రంథము నిర్దేశించినది. 2011 నాటి 77 లక్షల జనమునకు 150 లీటర్ల చొప్పున గుణించినచో రోజునకు 115 కోట్ల లీటర్లకు పైగా, ఏడాదికి ఇంచుమించు 15 టి.ఎం.సి.లగును. లెక్క ఇచట ముగిసినదనుకొనరాదు. గొట్టములలో కారిపోవునది, దొంగకనెక్షన్ల పాలగునది కలుపుకొనవలెను. ఆ నష్టము నూటికి 15 వంతులని యనుకొన్నచో నదినుండి 17.5 టి.ఎం.సి.లు తెచ్చిన చాలును. నూటికి 40 వంతులని యనుకొన్నచో దాదాపు 25 టి.ఎం.సి.లు తేవలెను. ఈ రెండింటి నడుమ తేడా 7 టి.ఎం.సి.లకు పైబడినది. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము రెండును నిండుగా నున్నప్పటి నీటికంటె ఇది ఎక్కువ! అనగా కాగితముమీద ఒక్క ఊహ మార్చినంతనే రెండు జలాశయములు మాయమగుచున్నవి. గొట్టములు బాగుచేయుట గూడ జలాశయము కట్టుటతో సమానమైన పనియని దీని తాత్పర్యము.

సగటు అనునది ఇంకొక మాయ. తోటయు, ఈతకొలనును గల బంగళాలో మనిషికి వందల లీటర్లు చెల్లవచ్చును. అదే కొండ వాలున, ఇరుకు సందులలో బిందెలు వరుసగా పెట్టుకొని నిలుచు ఇల్లాలికి అందునవి కొద్ది బిందెలే. ఇద్దరిని కలిపి భాగించినచో చక్కని సగటు వచ్చును. ఆ సగటు మనిషి మాత్రము ఎచటను కనబడడు. వాడినంతయే అవసరమని లెక్క వ్రాసినచో, నేడు దొరకనివానికి రేపును అక్కరలేదని తీర్మానించినట్లగును. శాస్త్రజ్ఞులు అవసరమును, గిరాకిని వేరుచేసి చెప్పుట ఇందుకే. గిరాకి అనగా ఉన్న ధరకు, ఉన్న వసతికి జనము వాడునది. అవసరము అంతకు తక్కువ కావచ్చును, ఎక్కువయు కావచ్చును.

మూడవ మెట్టు నీటి వనరు. గండిపేట నీటి పూర్ణమట్టము 1,790 అడుగులు. అది నగరపు పల్లపు ప్రాంతములకు చాలవరకు తనంతట తానే వాలున పారి వచ్చెను. 1965లో గోదావరికి ఉపనదియైన మంజీర నీరు వచ్చినది. 2004లో నాగార్జునసాగరమునుండి కృష్ణాజలములు, 2015లో ఎల్లంపల్లినుండి గోదావరి జలములు వచ్చినవి. సాగరపు పూర్ణమట్టము 590 అడుగులు, అనగా 180 మీటర్లు. నగరము 500 మీటర్లకు పైని ఉన్నది. జూబిలీ హిల్స్ దానికంటెను ఎత్తు. వేయి లీటర్ల నీటిని 300 మీటర్లు ఎత్తుటకు, ఏ నష్టమును లేదనుకొన్నను, ముప్పాతిక యూనిట్టుకు మించిన విద్యుచ్ఛక్తి కావలెను. యంత్రముల నష్టము కలిపినచో ఒక యూనిట్టు దాటును. దూరపు నీరు కేవలము నీరు కాదు. నీరును, కరెంటును కలిసిన వస్తువు.

తెచ్చిన నీరంతయు ఖర్చగునా? కాదు. స్నానము చేసిన నీరు, పాత్రలు తోమిన నీరు మురుగై మరల నదిని చేరును. 1973లో కృష్ణా జలవివాదములపై తీర్పునిచ్చిన బచావత్ ట్రిబ్యునలు ఈ సంగతిని గుర్తించి, పట్టణముల గృహవినియోగమునకు మళ్లించిన నీటిలో ఐదవ వంతునే వాడుకగా లెక్కింపవలెనని విధించినది. తక్కిన నాలుగు వంతులు నదికి తిరిగివచ్చునని భావము. తిరిగివచ్చుట నిజమే, ఏ స్థితిలో తిరిగివచ్చుననునది వేరు ప్రశ్న. శుద్ధిచేయక విడిచినచో దిగువ గ్రామముల రైతునకు అందునది నీరు కాదు, నగరపు మురుగు.

ఇక విహారపు గిరాకి సంగతి. ఇది విలాసవంతుల విషయమని కొందరనుకొందురు. కాని రుసుము లేని చెరువుగట్టు, ఇరుకు గదిలో నుండువానికే ఎక్కువ కావలసినది. దీనిని గూడ లెక్కింపవచ్చును. ఉదాహరణకు ఒక జలాశయమునకు గంట ప్రయాణములో 10 లక్షల జనమున్నదనుకొందము. మనిషి ఏడాదికి రెండుసారులు వచ్చినచో 20 లక్షల రాకలు. అందు సగము ఆదివారములందే జరిగినచో ఆదివారమునకు సుమారు 19,000 మంది. ఉదయము సగము, సాయంత్రము సగము వచ్చినచో ఒక సమయమున 9,600 మంది. మనిషికి 10 చదరపు మీటర్ల చోటు చొప్పున ఇంచుమించు 24 ఎకరముల గట్టు, నీడ, త్రాగునీరు, మరుగుదొడ్లు కావలెను. ఈ అంకెలు ఊహించినవే; పద్ధతి మాత్రము ఇదియే. ఎందరున్నారు, ఎన్నిసారులు వత్తురు, ఏ దినమున హెచ్చుగా వత్తురు — ఈ మూడు ప్రశ్నలకు ఆదివారమునాడు చెరువుగట్టున నిలిచి లెక్కించినవారే జవాబు చెప్పగలరు.

రుసుము లేని విహారమునకు విలువ కట్టుట ఎట్లు? 1947లో అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు హెరాల్డు హొటెల్లింగు ఒక ఉపాయము చెప్పెను. ఉద్యానమునకు వచ్చుటకు జనము ఎంత దూరమునుండి, ఎంత ప్రయాణపు ఖర్చు భరించి వచ్చుచున్నారో విచారింపుడు. ఆ ఖర్చే ఆ స్థలమునకు వారు చెల్లించు ధర. 1959లో మారియన్ క్లాసన్ ఈ ఆలోచనను లెక్కల రూపమునకు తెచ్చెను. కాలాపత్తరునుండి రెండు బస్సులు మారి, బిడ్డల నెత్తుకొని గండిపేటకు వచ్చు కుటుంబము, టిక్కెట్టు కొనకున్నను ధర చెల్లించుచునే యున్నది. ఈ పద్ధతికి ఒక లోపము గలదు. దుర్వాసన వలన రానివారు, బస్సు లేక రానివారు ఈ లెక్కలో చేరరు. 16వ శతాబ్దమున కట్టిన హుస్సేన్ సాగరము ఒకప్పుడు త్రాగునీటిని గూడ ఇచ్చినది. తరువాత మురుగు చేరి చెడినది. చెడిన నీటి యొడ్డున జనము తగ్గినచో అది గిరాకి లేమి కాదు, అణగియున్న గిరాకి. నీరు శుభ్రపడిన నాడు అది పైకి వచ్చును. దుర్గం చెరువుమీద 2020లో తీగల వంతెన ప్రారంభమైన పిమ్మట ఆ యొడ్డున చేరిన జనమే ఇందుకు సాక్ష్యము.

ఈ మూడు గిరాకులు ఒకే జలాశయముపై పడినప్పుడు చిక్కు కలుగును. త్రాగునీటి అధికారి, వేసవికి సరిపోవునట్లు చెరువు నిండియుండవలెనని కోరును. వరదను కాపాడు అధికారి, రాబోవు ప్రవాహమునకు చోటుండునట్లు చెరువు కొంత వెలితిగా నుండవలెనని కోరును. విహారమునకు వచ్చువాడు, నీరు గట్టునకు దూరముగా పోయి బురద తేలరాదని కోరును. వేసవిలో నీటి వాడుక హెచ్చి మట్టము దిగుచుండును. బడులకు సెలవులిచ్చి జనము గట్టునకు వచ్చునదియు ఆ దినములలోనే. మూడు అంచనాలను మూడు కార్యాలయములు వేర్వేరుగా వ్రాసికొన్నచో, ఏ ఒక్కటియు తప్పు కాకున్నను మూడును కలిసి తప్పగును.

ఇది కేవలము సిద్ధాంత చర్చ కాదు. జంట జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించుచు 1996లో 111వ నంబరు ప్రభుత్వోత్తరువు వెలువడినది. 84 గ్రామములు దాని పరిధిలోనివి. 2022లో షరతులతో ఆ ఆంక్షలను సడలించుచు 69వ నంబరు ఉత్తరువు వచ్చినది. నగరమునకు అందు నీటిలో ఈ జలాశయముల వంతు నూటికి 1.25 కంటె తగ్గినదనుట అందు చూపిన కారణము. అంకె వరకు వాదమాడ పనిలేదు. కృష్ణా, గోదావరి జలములు వచ్చిన పిమ్మట ఆ వంతు తగ్గుట సహజమే. కాని ఆ శాతము త్రాగునీటి వంతును మాత్రమే కొలిచినది. వరదను ఆపుటలో వాని వంతెంత? 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి హిమాయత్ సాగరము తలుపులు ఎత్తవలసివచ్చిన రాత్రి, ఆ వంతు అందరికిని తెలిసినది. భూగర్భజలమును నింపుటలో, నగరవాసికి ఊపిరి సలుపుటలో వాని వంతెంత? ఈ గడులు పట్టికలో లేవు. లేని గడికి సున్న యని అర్థము చెప్పుకొనుట అన్నిటికంటె పెద్ద లెక్క తప్పు. గట్టు ఎగువన నేలను కట్టడములతో కప్పివేసిన తరువాత, పొరపాటు జరిగినదని తెలిసినను ఆ వాగులను మరల త్రవ్వి తేలేము.

అట్లయిన అంచనాలు మానవలెనా? మానరాదు. ఒక్క అంకెను వేదవాక్యముగా చెప్పక, హెచ్చు, మధ్యమము, తగ్గు అని మూడు అంచనాలను ప్రక్కప్రక్కన పెట్టవలెను. ప్రతిదానికిని ఆధారమైన ఊహలను — జనాభా ఎంత, నష్టమెంత, ధర ఎంత — బహిరంగముగా వ్రాయవలెను. ఐదేండ్ల కొకసారి నిజమైన అంకెలతో సరిచూచి దిద్దవలెను. జలాశయమునకు త్రాగునీటి గడితోపాటు వరద గడిని, విహారపు గడిని గూడ చేర్చవలెను.

ఇంటివారు చేయగల లెక్క గూడ ఒకటి యున్నది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. 200 చదరపు గజముల పైకప్పుపై పడు వానలో నూటికి 80 వంతులు పట్టినచో ఏడాదికి లక్షా ఏడువేల లీటర్లగును. ఐదుగురు గల ఇంటికి, మనిషికి 135 లీటర్ల చొప్పున, ఏడాదికి కావలసినది సుమారు రెండు లక్షల నలుబదియారువేల లీటర్లు. అనగా ఇంటి అవసరములో ఐదింట రెండు వంతులకు పైగా నీరు మన తలపైనుండియే పోవుచున్నది. వాన కొద్ది నెలలలోనే కురియును గనుక అంతయు నిలువచేయుట సాధ్యము కాదు. కొంత సంపునకు, తక్కినది ఇంకుడుగుంతకు మళ్లించినచో ఈ రాతికొండ బోరుబావులకు ఆ మేరకు ఊరట కలుగును.

ఫిల్మ్ నగర్ వారికి నీటి రెండు విలువలును తెలియును. వానపాట తీయవలసిన దినమున ట్యాంకర్లు రప్పించి గొట్టములతో వాన కురిపింతురు. చెరువు దృశ్యము కావలసినప్పుడు నీరు నిండిన గట్టును వెదకికొని పోవుదురు. మొదటి నీటిని లీటర్లలో కొనవచ్చును. రెండవ నీటిని ఏ ట్యాంకరును తేలేదు. అది చెరువులో ఉండవలసినదే. రేపటి హైదరాబాదునకు లెక్క వ్రాయువారు ఈ రెండింటిని ఒకే పట్టికలో ఉంచుదురు గాక.